ఓబీడీ డాంగిల్: మైలేజీ పెంచదు, ఎక్కడ పోతోందో పట్టిస్తుంది

మైలేజీ తగ్గిందనిపించగానే అందరూ ముందు ఇంజిన్‌ని అనుమానిస్తారు, ఆ తర్వాత పెట్రోల్ బంకుని. కుడికాలి మీదకు అనుమానం పోయేది అన్నిటికంటే చివర. నిజానికి మొదట చూసుకోవాల్సింది దాన్నే. అదే కారు, అదే రోడ్డు, అవే టైర్లు. నడిపే మనిషి మారితే చాలు, లెక్క మారిపోతుంది. దూకుడుగా నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం వరకు మైలేజీ పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఆయిల్ మార్చినా, ఎయిర్ ఫిల్టర్ మార్చినా ఇంత తేడా రాదు.

చిక్కేమిటంటే, కాలు చేసిన తప్పు అప్పటికప్పుడు తెలియదు. ట్యాంకు అయిపోయాక, పది రోజుల ప్రయాణమంతా కలిసి ఒక్క అంకెగా బయటపడుతుంది. అందులో ఏ సిగ్నల్ దగ్గర ఎంత పోయిందో ఎవరు చెప్పగలరు? ఆ లెక్కను అక్కడికక్కడే కళ్లముందు పెట్టే వస్తువు ఓబీడీ-2 (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్, అంటే కారు తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు) బ్లూటూత్ డాంగిల్. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్ చెప్పే అంకెల్ని ఫోనుకు చేరవేస్తుంది. ఈ సమీక్ష ఏదో ఒక్క బ్రాండు గురించి కాదు. ఈఎల్ఎం327 ఆదేశాలతో పనిచేసే డాంగిళ్లన్నిటి గురించి, వాటితో వాడే టార్క్, కార్ స్కానర్ వంటి యాప్‌ల గురించి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ వస్తువు తనంతట తాను ఒక్క చుక్క కూడా ఆదా చేయదు. కానీ ఏ అంకెను నమ్మాలో, ఏది కాకిలెక్కో తెలిసినవాళ్లకు రెండు వారాల్లో డ్రైవింగ్ నేర్పుతుంది. తెలియనివాళ్లకు మాత్రం తప్పు పాఠాలు కూడా అంతే గట్టిగా నేర్పుతుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువ భాగం ఆ అంకెల గురించే.

కొనేటప్పుడు చూడాల్సినవి

ఈఎల్ఎం327 అనేది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్పు పేరు. ఆ కంపెనీ 2022లో మూతపడింది. మొదటి వెర్షన్‌కు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు చవగ్గా దొరికేవన్నీ దాదాపు ఆ నకళ్లే. పెట్టె మీద 1.5 అని ఉంటే చూసి మురిసిపోనక్కర్లేదు, అలాంటి వెర్షన్‌ను అసలు కంపెనీ ఎప్పుడూ విడుదలే చేయలేదు. అలాగని 1.5 అని ఉన్నవన్నీ చెత్తా కాదు, వాటిలో చాలావరకు అన్ని రకాల కార్లతోనూ మాట్లాడతాయి. 2.1 అని రాసి ఉన్న నకళ్లతోనే తంటా ఎక్కువ. కొన్ని ఆదేశాలకు జవాబే ఇవ్వవు, పాత కార్లలో డేటా పంపడానికి వాడిన కె-లైన్ పద్ధతిని చాలా వాటిలో తీసేశారు. యాప్ తెరిస్తే ‘కనెక్ట్ అవుతోంది’ అంటూ గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. కారు పాతదైతే దీన్ని కచ్చితంగా విచారించి తీసుకోవాలి.

ఫోను ఏదన్నది రెండో విషయం. ఆండ్రాయిడ్‌కు మామూలు బ్లూటూత్ డాంగిల్ సరిపోతుంది. ఐఫోన్‌కు సాధారణంగా అది చాలదు, బ్లూటూత్ ఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే రకం) గాని వైఫై గాని ఉన్నది తీసుకోవడం మేలు. వైఫై రకంతో ఒక ఇబ్బంది ఉంది. ఫోను డాంగిల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోతుంది గనుక చాలాసార్లు మ్యాప్‌కు ఇంటర్నెట్ అందదు. రెండూ కావాలంటే ఎల్ఈ మేలు.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, బ్యాటరీ. సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. నిద్రపోవడం రాని డాంగిల్ 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకోండి. రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్. 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న కారును మూడు వారాలు కదపకుండా ఉంచితే దాదాపు సగం ఖాళీ. బ్యాటరీ పాతబడి ఉంటే ఇంకా ముందే సెల్ఫ్ తిరగదు. ఓబీడీలింక్ వంటి మేలురకాలు కారు ఆపిన కాసేపటికి వాటంతట అవే నిద్రలోకి వెళ్తాయి. నకళ్లలో ఆ గుణం అరుదు. అందుకే చవకరకం కొన్నవాళ్లు దిగేటప్పుడు దాన్ని పీకి గ్లోవ్ బాక్సులో పడేయడం అలవాటు చేసుకోవాలి.

ఇదే ఆకారంలో, ఇదే సాకెట్‌లో పెట్టే మరో సరుకు కూడా అమ్ముతున్నారు. ‘గుచ్చగానే మీ డ్రైవింగ్ నేర్చుకుని ఇంజిన్‌ను ట్యూన్ చేసి ఇంధనం ఆదా చేస్తుంది’ అనే ప్లగ్గులు. విప్పి చూస్తే వాటిలో కనిపించింది మినుకుమినుకుమనే లైట్లు, వాటిని వెలిగించే ఒక చిన్న చిప్పు. కారు డేటా వచ్చే 6, 14 పిన్నులకు లోపల సరైన తీగే లేని రకాలు ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. డాంగిల్ చదువుతుంది, చెబుతుంది, అంతే. మారాల్సింది నడిపేవాళ్లు.

అమర్చడం, మొదటి గంట

సాకెట్ స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున ఉంటుంది. కొన్ని కార్లలో ఫ్యూజుల మూత వెనకో, చిల్లర పెట్టుకునే అర వెనకో దాక్కుంటుంది. తాళం తీసి ఉండగా గుచ్చాలి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేయాలి, ఇంజిన్ స్టార్ట్ చేయనక్కర్లేదు. మామూలు బ్లూటూత్ రకమైతే ఫోను సెట్టింగ్స్‌లో జత చేయాలి, పిన్ 1234 గాని 0000 గాని అవుతుంది. ఎల్ఈ రకాన్ని సెట్టింగ్స్‌లో జత చేయకూడదు, యాప్ లోపలి నుంచే ఎంచుకోవాలి. ‘కనెక్ట్ కావడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

డాంగిల్ పొడవుగా ఉంటే ఎడమ మోకాలికో, క్లచ్ తొక్కే కాలికో తగులుతుంది. ఒక్క తన్నుకు సాకెట్ బిగింపే విరగొచ్చు. పొట్టి రకం తీసుకోండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగ వేసి ప్యానెల్ వెనక కట్టేయండి. తీగ పెడల్స్ వైపు వేలాడితే అది మైలేజీ సమస్య కాదు, ప్రాణం మీదకొచ్చే సమస్య.

యాప్‌లో బండి వివరాలు నింపేటప్పుడు ఇంజిన్ సీసీ, ఇంధనం రకం తప్పు లేకుండా ఇవ్వాలి. దీన్ని దాటేసి నేరుగా మీటర్లు చూసేవాళ్లకు వచ్చే మైలేజీ అంకెకు అర్థమే లేదు. ఎందుకో కింద చూడండి.

మైలేజీ అంకె ఎలా పుడుతుంది

చాలా కార్లలో ‘ఇంత పెట్రోలు పోయింది’ అని కంప్యూటర్ నేరుగా చెప్పదు. కొన్ని కొత్త కార్లు ఇంజిన్ ఫ్యూయల్ రేట్ అనే అంకెను ఇస్తాయి. మీ కారు ఇస్తుంటే అదృష్టమే, యాప్‌లో దాన్నే ఎంచుకోండి. ఇవ్వకపోతే యాప్ గాలిని చూసి పెట్రోలును ఊహిస్తుంది. పెట్రోల్ ఇంజిన్ మామూలుగా 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు కలుపుతుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు 745 గ్రాములు. గాలి సెన్సర్, అంటే ఎంఏఎఫ్, సెకనుకు ఎన్ని గ్రాములు చూపిస్తే దాన్ని 0.33తో గుణిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 60 కి.మీ. వేగంలో ఎంఏఎఫ్ 10 ఉంటే గంటకు 3.3 లీటర్లు, అంటే లీటరుకు 18 కి.మీ. పైచిలుకు.

ఎంఏఎఫ్ లేని కార్లలో మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ఒత్తిడి, గాలి ఉష్ణోగ్రత, ఇంజిన్ సీసీ, ఆర్‌పీఎం కలిపి గాలిని లెక్కకడతారు. సీసీ తప్పుగా ఇస్తే అంతా తప్పేది ఇక్కడే. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే 14.7 కూడా మారుతుంది. 10 శాతం ఇథనాల్‌కు సుమారు 14.1, 20 శాతానికి 13.5 దగ్గర.

డీజిల్‌కు ఈ లెక్క అసలు పనికిరాదు. డీజిల్ ఇంజిన్ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది, వేగం పెంచాలంటే గాలిని కాదు, డీజిల్‌ని పెంచుతుంది. కాబట్టి గాలిని బట్టి ఇంధనం చెప్పడం కుదరదు. ఫ్యూయల్ రేట్ ఇవ్వని డీజిల్ కారు ఉన్నవాళ్లు మైలేజీ కోసమైతే ఈ డాంగిల్ కొనకండి. ఇది మా ఖచ్చితమైన మాట.

పెట్రోల్ కార్లలోనూ ఒక పెద్ద అబద్ధం ఉంది. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఇంజిన్ వేడెక్కి ఉన్నప్పుడు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఆగిపోతాయి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి, పెట్రోలు సున్నా. దీన్నే ఫ్యూయల్ కట్ అంటారు. కానీ గాలి లోపలికి వెళ్తూనే ఉంటుంది. గాలిని చూసి లెక్కించే యాప్ ఆ సమయంలో కూడా పెట్రోలు పోతున్నట్టే రాస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్ అనే అంకెను తెర మీద పెట్టుకోవాలి. మామూలుగా అది ‘క్లోజ్డ్ లూప్’ అని ఉంటుంది, అంటే పొగను సెన్సర్‌తో చూస్తూ కంప్యూటర్ పెట్రోలును సర్దుకుంటోందని. కాలు తీసిన ఒకటి రెండు సెకన్లకు ‘ఓపెన్ లూప్ – లోడ్ లేదా డిసిలరేషన్’ అని మారితే ఇంజెక్టర్లు మూతపడ్డట్టు. ఆ స్థితిలో సున్నా వేసే ఐచ్ఛికం మీ యాప్‌లో ఉందేమో వెతకండి. ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. లేకపోతే మంచి డ్రైవరుకు యాప్ ఎప్పుడూ అన్యాయమే చేస్తుంది, ఎందుకంటే ముందుచూపుతో కాలు తీసేవాళ్లకే ఈ సున్నా నిమిషాలు ఎక్కువ.

కాలిబ్రేషన్, అంటే యాప్ లెక్కను పంపు లెక్కతో సరిచూడడం, మానొద్దు. పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపండి, యాప్‌లో ట్రిప్ సున్నా చేయండి, 300–400 కి.మీ. తిరగండి, వీలైతే అదే పంపు దగ్గర అదే విధంగా నింపండి. యాప్ 21.4 లీటర్లు అని, పంపు 23.1 అని చెబితే 1.08తో గుణించమని యాప్‌కు చెప్పాలి. ఒక్క ట్యాంకుతో తేల్చకండి, పంపు ఎక్కడ ఆగుతుందన్నదే అర లీటరు అటూఇటూ అవుతుంది. రెండు మూడు ట్యాంకుల సగటు తీసుకోండి.

మైలేజీల సగటు విషయంలో ఇంకో పొరపాటు. ఒక కిలోమీటరు లీటరుకు 10 చొప్పున, ఇంకో కిలోమీటరు 30 చొప్పున నడిపితే సగటు 20 అనుకుంటారు. కాదు. మొదటి కిలోమీటరుకు 100 మి.లీ., రెండోదానికి 33 మి.లీ., మొత్తం 133 మి.లీ.కు రెండు కిలోమీటర్లు, అంటే లీటరుకు 15. చెడ్డ కిలోమీటరు మంచి కిలోమీటరును మింగేస్తుంది. అందుకే మేం ఎప్పుడూ చెప్పేది, మైలేజీ అంకెను పక్కనబెట్టి ఈ ప్రయాణానికి ఎన్ని మిల్లీలీటర్లు అన్నది చూడండి. అది మోసం చేయదు.

తెర మీద ఏం పెట్టుకోవాలి

యాప్ తెరవగానే అరడజను మీటర్లు గుండ్రంగా తిరుగుతూ కనబడతాయి. వాటన్నిటినీ తీసేయండి. ఐదు చాలు: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, ఇంజిన్ లోడ్ (తన సత్తాలో ఎంత వాడుతోంది) శాతం, ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్, ట్రిప్‌లో పోయిన ఇంధనం. అప్పటికప్పటి మైలేజీ మీటరును మొదటి రోజే తొలగించండి. బండి కదిలేటప్పుడు అది 3, 4 అని చూపిస్తుంది, దాన్ని చూసి భయపడి జనం నత్తలా కదలడం మొదలుపెడతారు. అక్కడే తప్పు పాఠం మొదలవుతుంది.

పెట్రోల్ ఇంజిన్ థ్రాటిల్ (గాలి వెళ్లే మూత) కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు ఇరుకు సందులోంచి గాలి పీల్చుకోవడానికే శక్తి వృథా చేస్తుంది. తక్కువ ఆర్‌పీఎం, మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ లోడ్, ఇదీ దానికి నచ్చే పరిస్థితి. కాబట్టి కదిలేటప్పుడు లోడ్ 60–80 శాతం మధ్య ఉండేలా నిబ్బరంగా తొక్కి, 2,000–2,500 ఆర్‌పీఎం మధ్య గేరు మార్చి, త్వరగా పై గేరులోకి చేరుకోవడమే మేలు. మొదటి, రెండో గేర్లలో పాకుతూ ఉంటే ఒక్కో మీటరుకు ఇంజిన్ ఎక్కువసార్లు తిరుగుతుంది. మరోవైపు, లోడ్ 90 దాటి పెడల్ అడుగంటితే చాలా ఇంజిన్లు 14.7 లెక్కను వదిలేసి అదనంగా పెట్రోలు పోస్తాయి, లోపలి వేడి తగ్గించుకోవడానికి. స్టేటస్ గడిలో క్లోజ్డ్ లూప్ పోయి ఓపెన్ లూప్ వస్తుంది. ఓవర్‌టేక్ అవసరమైనప్పుడు తొక్కండి, అది భద్రత. సిగ్నల్ పడగానే అలవాటుగా తొక్కడం వేరు.

అలాగని ఐదో గేరులో 1,200 ఆర్‌పీఎం దగ్గర పెడల్ నొక్కి ఈడ్చకూడదు. బండి వణుకుతుంది, నాక్ (ఇంజిన్‌లో టకటకమనే చప్పుడు) వస్తుంది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలోనైతే స్పార్క్ కంటే ముందే మంట అంటుకుని పిస్టన్‌కే చేటు రావచ్చు. లోడ్ 90, ఆర్‌పీఎం 1,300 అని తెర మీద కనిపిస్తే వెంటనే ఒక గేరు దించండి.

ఎర్ర సిగ్నల్ దగ్గర

ఈ డాంగిల్ ధర మొత్తం రాబట్టుకునేది ఇక్కడ. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు 60 కి.మీ. వేగంలో ఉంటే దానిలో దాచుకున్న శక్తి 167 కిలోజౌళ్లు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లు ఉంటాయి, ఇంజిన్ అందులో పావు వంతు మాత్రమే చక్రాలకు అందిస్తుందనుకుంటే ఆ వేగం తెచ్చుకోవడానికి పట్టింది దాదాపు 20 మి.లీ. బ్రేకు తొక్కి ఆపితే ఆ 20 మి.లీ. డిస్కుల మీద వేడై పోయినట్టే. లీటరుకు 18 ఇచ్చే కారు ఆ పెట్రోలుతో 350 మీటర్లకు పైగా వెళ్లగలదు. 80 వేగం నుంచి ఆపితే 37 మి.లీ. పోతుంది, ఎందుకంటే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది.

ఇప్పుడు ఇదే సిగ్నల్‌ను ఇంకోలా అందుకోండి. 300 మీటర్ల దూరంలో ఎరుపు కనబడగానే, వెనక వాహనం దగ్గరగా లేదని అద్దంలో చూసుకుని, నాలుగో గేరులోనే ఉంచి కాలు తీసేయండి. లోడ్ 15–20కి పడుతుంది. స్టేటస్ ఓపెన్ లూప్ అంటుంది. వేగం 60, 55, 48... ఇంజిన్ బ్రేకింగ్ బండిని మెల్లగా పట్టి ఆపుతుంటుంది. ఆర్‌పీఎం 1,300 చుట్టుపక్కలకు దిగినప్పుడు చిన్న కుదుపు లాంటిది తగులుతుంది, జాగ్రత్తగా గమనిస్తేనే తెలుస్తుంది. ఇంజెక్టర్లు మళ్లీ తెరుచుకున్నాయన్నమాట, స్టేటస్ తిరిగి క్లోజ్డ్ లూప్‌కు వస్తుంది. ఈ ఆర్‌పీఎం కారును బట్టి మారుతుంది. మీ కారుది ఎంతో కనిపెట్టి, దానికి కొంచెం ముందే కింది గేరు వేస్తే సున్నా పెట్రోలు సమయం ఇంకా సాగుతుంది. ఇంతలో పచ్చలైటు పడితే 30 వేగంలో బండి ఇంకా దొర్లుతూ ఉంటుంది, పావు వంతు శక్తి చేతిలో మిగిలినట్టే.

న్యూట్రల్‌లో దొర్లించే అలవాటు ఉన్నవాళ్లు ఇదే డాంగిల్‌తో పరీక్షించుకోండి. న్యూట్రల్‌లో పడగానే ఇంజిన్ ఐడిలింగ్‌కు వస్తుంది, పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. బండి ఎక్కువ దూరం దొర్లుతుందన్నది నిజమే, కానీ ఎలాగూ ఆగాల్సిన చోట ఆ దూరం ఎందుకు? పల్లంలోనైతే ఇంజిన్ బ్రేకింగ్ లేక బ్రేకులు వేడెక్కుతాయి. తాళం తీసేసి దొర్లించడం మరీ దారుణం. బ్రేకు బలం, స్టీరింగ్ సాయం రెండూ పోతాయి.

వేగం, ఐడిలింగ్, చల్లటి ఇంజిన్

హైవే మీద నేర్చుకోవాల్సింది ఒకటే. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే గాలిని చీల్చే బలం 56 శాతం ఎక్కువ కావాలి, దానికోసం ఇంజిన్ సెకను సెకనుకూ పెట్టే శక్తి దాదాపు రెట్టింపు. మొత్తం ఖర్చు రెట్టింపు కాదు, అదే దూరం తక్కువ సేపట్లో ముగుస్తుంది, టైర్ల రాపిడి కూడా అంతగా పెరగదు గనుక. కానీ పదేసి కిలోమీటర్లు 80లో ఒకసారి, 100లో ఒకసారి నడిపి మిల్లీలీటర్లు పోల్చితే ఇక వాదించాల్సిన పని ఉండదు. గాలి ఎదురొస్తోందా, వెనకనుంచా అన్నది కూడా తేడా తెస్తుంది, అందుకని పోనురాను రెండు వైపులా కొలవాలి.

చిన్న పెట్రోల్ ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో గంటకు 0.5–0.8 లీటర్లు తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా పైకి. కంప్రెసర్ తగులుకున్న ప్రతిసారీ అంకె మెట్టు ఎక్కడం, వదిలినప్పుడు దిగడం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. పది నిమిషాలు అలా నిలబెడితే వంద మి.లీ. పైన, అంటే రెండు కిలోమీటర్ల ప్రయాణం.

ఉదయాన్నే కూలెంట్ 25 డిగ్రీలు చూపుతున్నప్పుడు ఐడిలింగ్ అంకె చూడండి, వేడెక్కాక ఉండేదానికంటే బాగా ఎక్కువ ఉంటుంది. వేడెక్కేదాకా నిలబెట్టి ఉంచడం దండగ. స్టార్ట్ చేసిన అర నిమిషంలో బయల్దేరి మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజిన్ తొందరగా వేడెక్కుతుంది. చల్లగా ఉండగా ఫ్యూయల్ కట్ కూడా చాలా కార్లలో పనిచేయదు. అందుకే రెండేసి కిలోమీటర్ల పనులు మూడు ఉంటే, మూడుసార్లు చల్లారనివ్వకుండా ఒకే చుట్టులో ముగించుకోవడం ఏ డ్రైవింగ్ నేర్పుకన్నా ఎక్కువ మిగులుస్తుంది.

తప్పు కాలిది కాకపోతే

డాంగిల్‌లో మాకు బాగా నచ్చిన గుణం ఇది. ఎంత పద్ధతిగా నడిపినా మిల్లీలీటర్లు తగ్గకపోతే కారును అడగొచ్చు. చదును రోడ్డు మీద 20 నిమిషాలు నడిపినా కూలెంట్ 70 దాటలేదంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే మూత) తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉన్నాననుకుని ఎక్కువ పెట్రోలు పోసుకుంటుంది. మామూలుగా అది 85–95 మధ్య ఉండాలి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ మామూలు లెక్క కంటే పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, సున్నాకు దగ్గరగా తిరగాలి. ప్లస్ 10 దాటితే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఎంఏఎఫ్ మురికి పట్టింది, లేదా పెట్రోలు ఒత్తిడి చాలడం లేదు. మైనస్ 10 దాటితే ఇంజెక్టర్ కారుతుందేమో చూపించాలి. డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఆ మసిని కాల్చుకుని శుభ్రపడే సమయంలో ఖర్చు పెరుగుతుంది, ఆ ట్రిప్పును లెక్కలోంచి తీసేయండి.

డాంగిల్‌కు కనిపించనివీ ఉన్నాయి. పట్టేసిన బ్రేకు దానికి తెలియదు. బ్రేకు పెద్దగా వాడకుండా కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ తగిలితే అదే దొంగ. టైరు గాలి కూడా తెలియదు. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం చొప్పున తగ్గుతుందని అదే అమెరికా శాఖ లెక్క. కాబట్టి పరీక్ష మొదలుపెట్టే ముందు టైర్లు చల్లగా ఉండగా తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్నంత గాలి పట్టించండి. పైన ఖాళీ క్యారియర్ ఉంటే తీసేయండి.

రెండు వారాల పద్ధతి

మొదటి వారం ఏమీ మార్చకండి. తెర ఆపేసి, యాప్‌ను రికార్డు చేయనిచ్చి, ఎప్పటిలాగే నడపండి. రోజూ వెళ్లే దారి, అదే సమయం, ఏసీ అదే అంకె మీద. ఐదు ట్రిప్పుల మిల్లీలీటర్లు రాసుకోండి. ట్రాఫిక్, గాలి వల్ల ఒకరోజుకూ ఇంకోరోజుకూ ఎటూ తేడా ఉంటుంది, ఒక్క ట్రిప్పుతో ఏమీ తేలదు. రెండో వారం ఒక్కటే మార్చండి: సిగ్నళ్ల దగ్గర కాలు ముందుగా తీయడం. మిగతాదంతా పాతదే. గేరు మార్పిడి, వేగం తర్వాతి వారాలకు ఉంచండి. అన్నీ ఒక్కసారే మారిస్తే ఏది ఎంత మిగిల్చిందో తెలియదు, రెండు నెలల్లో మళ్లీ పాత కాలే వచ్చేస్తుంది. నడుపుతూ తెరవైపు చూస్తూ ఉండకండి. లాగ్‌ను ఆపాకే తెరవండి.

ఎవరికి అక్కర్లేదు? కారులోనే సగటు ఖర్చు చూపించే ట్రిప్ కంప్యూటర్ ఉంటే, అది ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి లెక్కిస్తుంది గనుక ఫ్యూయల్ కట్‌ను సరిగ్గా పట్టుకుంటుంది. చాలావాటిలో అది కొంచెం ఎక్కువ చేసి చెప్పినా, రోజుకూ రోజుకూ పోల్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. అలాంటి కారు ఉన్నవాళ్లకు డాంగిల్ ఉపయోగం ఫ్యూయల్ ట్రిమ్, కూలెంట్ చూసుకోవడానికే. 1996కు ముందు అమెరికాలో, 2001కి ముందు ఐరోపాలో అమ్మిన పెట్రోల్ కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి కాదు, అంత పాత బండి అయితే సాకెట్ చూసినా లోపల ఏ పద్ధతి ఉందో విచారించాకే కొనండి. కె-లైన్ కార్లలో అంకెలు సెకనుకు కొన్ని మాత్రమే వస్తాయి, తెర మీద ఐదుకు మించి పెడితే అన్నీ నత్తనడకే.

చివరగా యాప్‌లో కనిపించే ‘కోడ్‌లు చెరిపేయి’ బటన్ గురించి. దాన్ని సరదాకు నొక్కకండి. ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందన్న సాక్ష్యం పోతుంది, పొగ పరీక్షకు ముందు కారు పూర్తిచేసుకోవాల్సిన స్వీయపరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి. చాలా కార్లలో నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ కూడా చెరిగిపోతుంది, అప్పుడు మీరు వారమంతా రాసుకున్న మిల్లీలీటర్లను తర్వాతి వారంతో పోల్చడం కుదరదు. పరీక్ష అయ్యాక డాంగిల్‌ను అటూఇటూ ఊపకుండా నిటారుగా లాగి తీయండి. టైరు సైజు మార్చినప్పుడు, కాలం మారినప్పుడు, పెద్ద సర్వీసు తర్వాత ఒక్కో ట్యాంకు మేరకు మళ్లీ పెట్టి కాలిబ్రేషన్ అంకెను సరిచూసుకుంటే చాలు.